ఆ పోస్టు తీసేయమ్మా

రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం నా విద్యార్థిని ఒకమ్మాయి నా గదికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఫోను నా చేతికిచ్చింది. ఆడపిల్లల హాస్టల్ గేటు ఎనిమిదింటికే ఎందుకు మూస్తారు, మగపిల్లల హాస్టల్‌కి ఆ వేళలు ఎందుకు లేవు అని ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసింది. అంతే. కింద వందకు పైగా వ్యాఖ్యలు, కులం పేరుతో తిట్లు. ఎవడో ఆమె ముఖాన్ని వేరే శరీరానికి అతికించి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాడు. హాస్టల్ గేటు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

ఇరవై ఆరేళ్లుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నదాన్ని. భావప్రకటనా స్వేచ్ఛ మీద ఏటా పాఠం చెప్తాను. ఆ రోజు నా నోట వచ్చిన మాట మాత్రం, "ముందు ఆ పోస్టు తీసేయమ్మా" అని. తీసేసింది. వారం తిరక్కుండా ఖాతా కూడా మూసేసింది. క్లాసులో ముందు బెంచీ వదిలి వెనక్కి వెళ్లిపోయింది. గొడవ సద్దుమణిగిందని నేను తృప్తిపడ్డాను కూడా.

కిందటేడు నా వంతు వచ్చింది. ప్రభుత్వాలు మద్యం ఆదాయం మీద ఎలా బతుకుతున్నాయో రాశాను. తెల్లారేసరికి నా వయసు, నా బొట్టు, "మొగుడొదిలేసినదై ఉంటుంది" అన్న పరిశోధన, అన్నీ వచ్చి పడ్డాయి. మిత్రులు ఫోన్లు చేశారు. పట్టించుకోవద్దన్నారు, బ్లాక్ చెయ్యమన్నారు, పాఠాలు చెప్పుకోక మీకెందుకండీ ఇదంతా అన్నారు. అందరూ నా మేలు కోరినవాళ్లే, నేను ఆ అమ్మాయి మేలు కోరినట్టే. చీకటిపడ్డాక బయట తిరగొద్దని మా అమ్మ చెప్పిన మాటకీ దీనికీ తేడా ఏముంది?

2019 ఎన్నికలప్పుడు 95 మంది భారతీయ రాజకీయ నాయకురాళ్లను ఉద్దేశించిన ట్వీట్లను ఆమ్నెస్టీ ఇండియా పరిశీలించింది. దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి దూషణో, అభ్యంతరకరమైనదో అని తేలింది. మతం పేరుతో తిట్లు ముస్లిం నాయకురాళ్లకు మరీ ఎక్కువ. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి ముస్లిం స్త్రీల ఫొటోలను 'వేలానికి' పెట్టారు. వాళ్లలో జర్నలిస్టులున్నారు, హక్కుల కార్యకర్తలున్నారు. మాట్లాడినందుకే వాళ్లను ఎంచుకున్నారు. నాకొచ్చిన తిట్లలో కులం లేదు, మతం లేదు. నా విద్యార్థినికి ఆ మినహాయింపు దొరకలేదు. 'ఆన్‌లైన్‌లో స్త్రీల మీద హింస' అని అందరినీ ఒక గాటన కట్టేటప్పుడు మనం ఈ సంగతి దాటేస్తున్నాం.

కఠినమైన చట్టం కావాలి అని వెంటనే అంటాం. నాకు అనుమానమే. ఐటీ చట్టంలో 66ఎ సెక్షన్ ఉండేది. 2012 నవంబర్‌లో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఇద్దరు యువతుల మీద దాన్నే ప్రయోగించారు. బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు జరిగిన బంద్‌ను ప్రశ్నిస్తూ ఒకమ్మాయి పోస్టు పెట్టింది, రెండో అమ్మాయి దానికి లైకు కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేస్తే నేను సంతోషించాను. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354డి సెక్షన్, స్త్రీని ఇంటర్నెట్‌లో వెంటాడడాన్ని కూడా నేరంగా గుర్తించింది. ఇప్పుడది భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షన్. చట్టం లేక కాదు, పోలీస్ స్టేషన్ మెట్లెక్కేటప్పుడు ఆ పిల్ల పక్కన ఎవరుంటారన్నదే అసలు చిక్కు.

1992లో ఎం.ఏ. చదువుతూ స్నేహితులతో నెల్లూరు జిల్లా దూబగుంట వెళ్లాను. అక్కడి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో సారా గురించిన పాఠం చదివారు. ఒకరు బిగ్గరగా చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. తన ఇంట్లో మాత్రమే జరుగుతోందని ఎవరికి వారు దాచుకున్న దెబ్బలు ఆ రాత్రుల్లో ఊరందరి విషయమయ్యాయి. సారా పాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోదాన్ని ఎత్తేశారనుకోండి, అది వేరే కథ. ఫోను మీద నాకు ద్వేషం లేదు. 2018 అక్టోబర్‌లో స్త్రీలు 'మీ టూ' అంటూ ఈ ఫోన్లలోనే నోరు విప్పితే ఒక కేంద్రమంత్రి రాజీనామా చేయాల్సివచ్చింది. కానీ తిట్టు వచ్చేది మాత్రం ఒంటరిగా, అర్ధరాత్రి, దుప్పటి కిందికి. పక్క మంచం మీది అమ్మాయికి కూడా తెలియదు.

కిందటేడు ఆ గొడవ అయ్యాక నా విద్యార్థినిని పిలిచి క్షమాపణ చెప్పాను. తల వంచుకుని విని, "మీరు నాతో స్టేషన్‌కి వస్తారేమోనని వచ్చాను మేడం" అంది. తిట్టినవాళ్ల మాటలకన్నా నాకా మాటే ఎక్కువ తగిలింది.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు నేనూ, ఇద్దరు సహోద్యోగినులూ డిపార్టుమెంటులో కూర్చుంటున్నాం. వచ్చినవాళ్ల ఫోనులోని చెత్తను కలిసి చదువుతాం. తేదీ, సమయం, లింకు రాసుకుని, తెరను ఫొటో తీసి పెడతాం. పోస్టు తీసేయాలో ఉంచాలో ఆ పిల్లే చెబుతుంది. ఫిర్యాదు చేస్తానంటే ముగ్గురిలో ఒకరం వెంట వెళ్తాం. పోయిన శుక్రవారం నలుగురొచ్చారు. ఇద్దరు ఫోను తెరవకుండానే టీ తాగి వెళ్లిపోయారు. వచ్చేవారం మళ్లీ రమ్మన్నాం.