మన గోడకు మార్కులు వేసేదెవరు?

ఆశ్రమ పాఠశాల ప్రహరీగోడ మీద గుస్సాడీ బొమ్మ ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన పెయింటరు బిల్లు తీసుకుని వేసిపోయిన బొమ్మ అది. లోపల డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కల సారు మిగిలిపోయిన పాఠం చెబుతుంటాడు. మనకు తెలిసిన ఎన్నో బడుల్లో ఇదే తంతు. మన కళ గోడకు కావాలి, తరగతి గదికి అక్కర్లేదు!

చట్టం ఇలా లేదు. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి కావాలని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. అడిగేవాళ్లు లేక అవి కాగితాల మీదే ఉన్నాయి.

డ్రాయింగ్ టీచరు కావాలంటే లోయర్, హయ్యర్ పరీక్షలు రాయాలి. తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ. ఆ శిక్షణ పట్నంలో ఉంటుంది. మన ఇళ్లలో అది తునికాకు కాలం. కట్టలు కడితేనే ఏడాది ఖర్చులకు నాలుగు రూపాయలు. ఆ కూలి వదులుకుని, పట్నంలో గది అద్దె కట్టి శిక్షణకు పోగలిగే పిల్లలు మన గూడేల్లో ఎందరు?

పోయినా అక్కడ నేర్పేది ఏమిటి? కూజాకు నీడ వేయడం, నమూనా చూసి పువ్వు గీయడం. అవీ నేర్వాల్సినవే. కానీ ఉషేగాంలో ఓజాలు మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, కొలిమిలో కరిగిన ఇత్తడి పోసి బొమ్మ తీస్తారు. సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇంటి పెద్దలను, జంతువులను, చెట్లను గీస్తారు. కోయల పడిగె మీద గట్టు కథంతా ఉంటుంది. ఈ చదువులకు ఆ పరీక్షలో ఒక్క మార్కు లేదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. సరుకుకు గుర్తింపు వచ్చింది. చేసే చేతిని బడిలో గురువుగా కూర్చోబెట్టలేదు.

‘సర్టిఫికెట్ లేనివాళ్లకు ఉద్యోగం ఎలా ఇస్తారు?’ అంటారు. సర్టిఫికెట్ వద్దని మనం అనడం లేదు. ఆ సర్టిఫికెట్‌లో మన విద్య ఎందుకు లేదని అడుగుతున్నాం. మన విద్య చెప్పడానికి చెయ్యి తిరిగితే చాలదు. గుస్సాడీల నెమలీకల టోపీ అలంకారం కాదు, దండారి నాడు పూజతో ధరించేది. సవర గోడబొమ్మ ఇంటి పెద్దల కోసం వేసేది. ఏది పిల్లలతో గీయించాలో, ఏది పెద్దల అనుమతి లేకుండా ముట్టకూడదో ఆ ఊళ్లో పెరిగిన టీచరుకు తెలుస్తుంది.

ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక అర్హత కాగితం లేని మన పిల్లల ముందు తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. అందుకే ఈ శిక్షణ మనకు చిన్న విషయం కాదు.

మనం అడగాల్సినవి నాలుగు. శిక్షణ కేంద్రాలు ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, సీతంపేటల్లో పెట్టాలి. తునికాకు కాలం దాటాక పెట్టాలి, ఉపకారవేతనం ఇవ్వాలి. శిక్షణలో కొన్ని రోజులు ఓజా కొలిమి దగ్గర, సవర గోడ దగ్గర, పడిగె చెప్పే పెద్దల దగ్గర గడపాలి. ఆ పెద్దలకు గురువులుగా గౌరవ వేతనం ఇవ్వాలి. ప్రతి ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగ్ పోస్టు నింపాలి.

టీచర్లారా, ఆ పీరియడ్‌ను లెక్కలకు అప్పివ్వకండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, లోయర్ పరీక్షకు ఈ ఏడే దరఖాస్తు పెట్టండి. కూజాకు నీడ వేయడం కూడా నేర్చుకోండి. రేపు మార్కులు వేసే బల్లకు అటువైపు మనవాళ్లూ కూర్చోవాలి.