చూసింది చాలు, దగ్గరికి రండి!

సంఘస్తులారా, అన్నలారా, అక్కలారా!

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కడుపుతో ఉన్న భార్యను వెంటబెట్టుకుని ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ఒక దళిత క్రైస్తవ యువకుణ్ని వెనకనుంచి వచ్చి నరికారు. కూతురు కులం కాని వాణ్ని చేసుకుందని తండ్రే డబ్బులిచ్చి చేయించాడని పోలీసులు తేల్చారు. ఆసుపత్రి కెమెరాలో పడ్డ ఆ దృశ్యం టీవీల్లో తిరిగి మన ఫోన్లలోకి దిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరు రెండోసారీ చూశారు. మూడోసారి చూసినవాళ్లు కత్తి ఏ పక్కనుంచి వచ్చిందో పక్కవాళ్లకు వేలు పెట్టి చూపించారు.

మన జబ్బు అక్కడే ఉంది.

ఆ కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెప్పింది. ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. మధ్యలో ఆరున్నరేళ్లు గడిచాయి. ఆ వీడియో చూసిన కళ్లు లెక్కలేనన్ని. ఆరున్నరేళ్లూ వాయిదాలకు తిరిగిన ఇంటివాళ్ల పక్కన కోర్టు బెంచీ మీద కూర్చున్న సంఘస్తులు ఎందరో మీకు మీరే చెప్పుకోండి.

మొద్దుబారడమంటే నోరు మూసుకుని ఉండటమే అనుకుంటాం. గొంతు చించుకుని అరిచేవాడి గుండె కూడా మొద్దుబారి ఉండొచ్చు. మన అయ్యగార్లు ప్రసంగానికి పెద్దగా ఎత్తుకోని అధ్యాయం ఒకటుంది, న్యాయాధిపతులు 19. బెన్యామీను గోత్రంవాళ్ల గిబియాలో ఒక లేవీయుడు రాత్రికి దిగిన ఇంటిని ఊళ్లోని దుర్మార్గులు చుట్టుముడతారు. తన ప్రాణం దక్కించుకోవడానికి అతను ఉపపత్నిని పట్టుకుని బయటికి తోస్తాడు. తెల్లారేసరికి ఆమె గుమ్మంలో పడి ఉంటుంది, చేతులు గడప మీద. అతను తలుపు తీసి, లెమ్మంటాడు, వెళ్దామంటాడు. జవాబు రాదు. ఇంటికెళ్లి ఆ శరీరాన్ని పన్నెండు ముక్కలు చేసి దేశం నలుమూలలకూ పంపిస్తాడు.

ఫార్వర్డ్ చేయడం మన కాలంలో పుట్టింది కాదు.

చూసినవాళ్లంతా మండిపడ్డారు. నాలుగు లక్షలమంది కత్తులు పట్టి లేచారు. సభలో లేవీయుడు జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు, ఆమెను బయటికి తోసింది తానేనన్న ముక్క తప్ప. ఎవరూ అడగనూ లేదు. యుద్ధం ముగిసేసరికి బెన్యామీను గోత్రంలో ఆరువందలమంది మగవాళ్లు మిగిలారు. వాళ్లకు పెళ్లాలు కావాలని యాబేష్గిలాదువాళ్లను నరికి నాలుగువందలమంది కన్యలను పట్టుకొచ్చారు. వాళ్లూ చాలక, షిలోహు పండగలో నాట్యమాడుతున్న ఆడపిల్లలను ద్రాక్షతోటల్లో పొంచి ఉండి ఎత్తుకుపోయారు. ఒక ఆడదానికి జరిగిన ఘోరం మీద రేగిన కోపం చివరికి ఎందరు ఆడపిల్లల మీద పడిందో చూడండి. ఇశ్రాయేలీయులు ఈ కథలో ఏడవలేదా అంటే ఏడ్చారు. యుద్ధంలో ఓడిన రోజున ఏడ్చారు, ఒక గోత్రం తగ్గిపోయిందని ఏడ్చారు. గడప మీద చేతులు పెట్టి చచ్చిపోయిన మనిషి కోసం ఏడ్చినట్టు ఎక్కడా లేదు. ఆమె పేరు కూడా రాయలేదు.

2019 నవంబరు గుర్తుందా? శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. తర్వాత తొమ్మిది రోజులకు నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు తూటాలకు చచ్చిపోతే వంతెన మీదనుంచి పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. దేవుడు తీర్పు తీర్చాడని మన ప్రార్థన గ్రూపుల్లోనూ స్తోత్రాలు పడ్డాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని, చచ్చిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. అది ఏ ప్రార్థన గ్రూపులోనూ తిరగలేదు. రోమా సైనికులు చంపినవాణ్ని ప్రభువని కొలిచే మనం, విచారణ లేని చావుకు చప్పట్లు కొట్టాం.

ఇక ఇంటి సంగతి. ఈ కాగితం చదివి ఎవరికైనా కోపం వస్తే ఇక్కడే వస్తుంది, రానివ్వండి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికెళ్తే, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగ్గా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే మొగుడు కొట్టడం సబబేనా? తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి ఇంచుమించు 84 మంది, ఇలాంటి కారణాల్లో ఏదో ఒకదానికి సబబేనన్నారు. ఇదేదో దూరదేశం లెక్క కాదు. మన అమ్మలు, అక్కలు, స్త్రీల సమాజంలో పాటలెత్తుకునేవాళ్లు చెప్పిన జవాబు. దెబ్బలు తిని తిని అరచేతిలో కాయ కాసినట్టు మనసు కాయ కాసింది. ఆ కాయ కాయడంలో సంఘం చెయ్యి లేదనకండి. కన్ను కమిలిపోయి వచ్చిన మనిషికి మనం చెప్పేదేమిటి? ‘సర్దుకుపో అమ్మా, ప్రార్థనలో పెడదాం.’ కొట్టినవాడు మాత్రం వచ్చే ఆదివారం కానుక పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరుగుతూనే ఉంటాడు.

మొద్దుబారనివాళ్లు మన గ్రంథంలో లేరా? రిస్పా ఉంది. రెండవ సమూయేలు 21 తీయండి. దావీదు రాజు సెలవుతో గిబియోనీయులు సౌలు వంశంలో ఏడుగురిని ఉరి తీస్తారు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు, ఐదుగురు ఇంకొకామె పిల్లలు. కోతల మొదట్లో బండ మీద గోనెపట్ట పరుచుకుని కూర్చున్న రిస్పా వాన పడేదాకా లేవలేదు. పగలు పక్షుల్ని, రాత్రి అడవి మృగాల్ని ఏడు శవాల మీదా వాలనివ్వలేదు, తన ఇద్దరివి మాత్రమే కాదు. ఆ కబురు విన్న దావీదుకు అప్పుడు గాని సౌలు, యోనాతానుల ఎముకలకైనా సమాధి చేయించాలని తోచలేదు. ఆమె కత్తి పట్టలేదు, ప్రసంగం చేయలేదు. కదలకుండా అక్కడే ఉంది, అంతే.

మన నేల మీదా అలా ఉన్నవాళ్లున్నారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చీరాల పరిగెత్తినవాళ్లకు చర్చి ఆవరణ నీడైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి నరికి, గోనెల్లో కుక్కి కాలువలో పారేశారు. బతికినవాళ్లు ఆ శవాలను ఊరి బయట కాదు, తమ వాడలోనే పూడ్చుకున్నారు. ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. కోర్టే ఊళ్లోకి రావాలని పట్టుబట్టి రప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ ఏళ్లన్నీ సాక్షులు అదే ఊళ్లో, అవే వీధుల్లో తిరుగుతూ బతకాల్సి వచ్చింది. వాళ్లతో ఒక పూట కూర్చోవడం ఎవరికైనా చేతనయ్యే పనే.

అందుకే అడుగుతున్నాం.

ఎవరినైనా చంపుతున్న వీడియో మీ ఫోన్లోకొస్తే అక్కడితో ఆపేయండి, ఇంకొకరికి పంపకండి. ఊరు దగ్గరైతే ఆ ఇంటికి వెళ్లండి. దూరమైతే ఆ ఊరిపేరు, చచ్చిపోయిన మనిషి పేరు ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో పలకండి. ‘బాధపడుతున్న అందరికోసం’ అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు.

అయ్యగారూ, పాస్టరమ్మగారూ! దెబ్బలు తిన్న మనిషి మీ దగ్గరికి వస్తే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తర్వాత ప్రార్థన చేయండి. మహిళల సహాయానికి 181, ప్రాణం మీదికొస్తే 112. మా పరిధి కాదని పోలీసులు తిప్పి పంపడానికి లేదు, ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా తీసుకోవాలి. గృహహింస చట్టం 2005 నుంచీ ఉంది. రాత్రికి ఆమె తలదాచుకునే గది ఏదో సంఘ పెద్దలు ఇప్పుడే తేల్చి పెట్టుకోండి. కొట్టినవాణ్ని కానుక పళ్లెం దగ్గరనుంచి తప్పించండి.

యవ్వనస్తులారా! అత్యాచారం కేసులు, పిల్లల మీద అఘాయిత్యాల కేసులు తప్పిస్తే విచారణకు మామూలుగా ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. సాక్షి బోనెక్కినప్పుడు తెలిసిన ముఖం ఒకటి కనబడితే గొంతు వణకడం తగ్గుతుంది. మాట్లాడే పని లేదు, నినాదాల పని అసలే లేదు.

ఈ శ్రమల దినాల్లో మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధనలో ఏడు మాటలూ వింటాం. సిలువ చుట్టూ నిలబడి చూసిన గుంపు గురించి కూడా వింటాం. ఆరాధన అయ్యాక వెంటనే ఇళ్లకు పోవద్దు. చర్చి ఆవరణలో అరగంట ఆగండి. మీ వాడలో, మీ మండలంలో నడుస్తున్న కేసు ఏదైనా తెలిస్తే వాయిదా తేదీతో సహా అక్కడ చెప్పండి. ఏ సంఘమైనా సరే, ఏ కులమైనా సరే. ఒక్కో వాయిదాకు ఇద్దరు చాలు. బస్సు చార్జీలు సంఘం కానుకలోంచి ఇవ్వాలని పెద్దలను అడగండి.

— కొందరు సంఘ సభ్యులు