డబ్బా మీద 48, లోపల 18

నల్లగొండ జిల్లాలో మా చిన్నాన్నకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. తోట పక్కనే రేకుల షెడ్డు. అందులో ట్రాక్టరు, కల్టివేటరు, రెండు స్ప్రేయర్లు, మూడు తరాల పానాలు. కిందటి ఎండాకాలం ఆయన ఫోన్‌లో ఒక ప్రకటన చూసి వైరు లేని డ్రిల్లు, గ్రైండరు, ఇంపాక్ట్ రెంచి కలిసిన సెట్టు తెప్పించారు. ధర రూ. 3,200. బ్యాటరీలు రెండు. వాటి మీద పెద్ద అక్షరాలతో '48 వీఎఫ్' అని ఉంది. ట్రాక్టరు వెనక చక్రం నట్టుకు రెంచి తగిలించి మీట నొక్కితే టకటకమని చప్పుడు చేసింది తప్ప నట్టు కదల్లేదు. "నలబై ఎనిమిదని రాసిండు గదరా, మరి దమ్ము లేదేంది?" అని నన్నడిగారు. రాజనీతిశాస్త్రం చదివినవాణ్ని అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ అంకెలు చూపి మభ్యపెట్టడం నాకు బొత్తిగా తెలియని విద్యేమీ కాదు.

ఊళ్లోని కిరాణా కొట్టు కాటా మీద ఆ బ్యాటరీని పెట్టాం. 310 గ్రాములు తూగింది. గుట్టు అక్కడే బయటపడింది. ఈ పనిముట్ల బ్యాటరీలో ఉండేవి వేలెడు లిథియం అయాన్ సెల్స్. ఎక్కువగా వాడేది 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కోటి 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒక్కో సెల్ ఇచ్చేది సగటున 3.6 ఓల్టులు. అలాంటివి అయిదు వరసగా కలిపితే 18 ఓల్టులు. నిజంగా 48 ఓల్టులు కావాలంటే కనీసం 13 సెల్స్ ఉండాలి. వాటి బరువే దాదాపు 600 గ్రాములు, పైన ప్లాస్టిక్ అదనం. 310 గ్రాముల్లో 13 సెల్స్ పట్టే ప్రసక్తే లేదు. వర్క్‌షాపు మెకానిక్ నిండా ఛార్జి చేసి మల్టీమీటరు పెడితే 20.4 అని చూపించింది. అంటే అది మామూలు అయిదు సెల్స్ బ్యాటరీ. '48 వీఎఫ్', '88 వీఎఫ్' అన్నవి ఏ కొలమానంలోనూ లేని ప్రమాణాలు. 'వీ' పక్కన ఆ 'ఎఫ్' దేనికని అడిగితే జవాబు చెప్పేవాడు లేడు.

పేరున్న కంపెనీలు ఇంత అన్యాయం చేయవు గానీ, అంకెల గారడీ వాటికీ తెలుసు. డివాల్ట్ అమెరికాలో '20 ఓల్ట్ మ్యాక్స్' అని, యూరప్‌లో 18 ఓల్టులని అమ్మేది ఒకే తరహా అయిదు సెల్స్ బ్యాటరీనే. నిండా ఛార్జి అయిన కొత్తలో సెల్ 4 ఓల్టులకు పైగా చూపిస్తుంది కాబట్టి 20 అనొచ్చు. పనిలో పడ్డాక 18 అనొచ్చు. రెండూ అబద్ధాలు కావు. ఒకదాన్ని మించింది మరొకటని కొనుగోలుదారు అనుకుంటే అది అతని ఖర్మ.

అసలు చూడాల్సింది ఓల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చవేస్తే వచ్చే వాట్ అవర్లను. 18 ఓల్టులు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 72 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. తెలుగు రైతు కొన్నేళ్లుగా వీపున మోస్తున్న బ్యాటరీ స్ప్రేయరులోని 12 ఓల్టులు, 8 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీలో అది 96. స్ప్రేయరు పంపు కొద్దికొద్దిగా తాగుతుంది కాబట్టి ట్యాంకు మీద ట్యాంకు కొట్టొచ్చు. గ్రైండరు అలా కాదు. వైరుతో నడిచే నాలుగంగుళాల గ్రైండరుకు 600 వాట్లయినా కావాలి. అదే జోరుతో 72 వాట్ అవర్ల బ్యాటరీ మీద నడిపితే 7 నిమిషాలు. ఆపి ఆపి వాడతాం కాబట్టి ఇంకాస్త ఎక్కువే వస్తుందనుకున్నా, గేటుకు యాంగిల్ ముక్కలు కోయడానికి కూర్చున్న వెల్డరు మధ్యాహ్నం దాకా బ్యాటరీలు మారుస్తూనే ఉండాలి. కరెంటున్న వర్క్‌షాపులో గ్రైండరుకు వైరే మేలు. గార్డు తీసేసి వాడే అలవాటుంటే మాత్రం, వైరున్నా లేకపోయినా, ముందు కళ్లద్దాలు కొనుక్కోవాలి.

మరి బ్యాటరీ ఎక్కడ పనికొస్తుంది? తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలుపెట్టారు. కానీ కరెంటు ఉండటం వేరు, అది చెట్టు దాకా రావటం వేరు. మోటారు దగ్గరి స్టార్టరు డబ్బా నుంచి తోట చివరికి వైరు లాగి, తడి మట్టిలో డ్రిల్లు పట్టుకోవటం ప్రాణంతో చెలగాటమే. కల్టివేటరు బోల్టులు విప్పటం, పందిరికి స్క్రూలు బిగించటం, ఎండు కొమ్మలు కత్తిరించటం లాంటి నిమిషాల పనులకే వైరు లేని పనిముట్టు. దానిమ్మ, ద్రాక్ష తోటలున్నవారికైతే డ్రిల్లు కన్నా ముందు బ్యాటరీ కత్తెర కొనమంటాను. వేలెడు లావు కొమ్మను తేలిగ్గా తెంపుతుంది. వేలును కూడా. రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకుని నొక్కాలి.

దీనికీ హద్దుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట పెట్రోలు రంపానికి సాటి లేదు. డబ్బాతో ఇంధనం తెచ్చి పోస్తే మళ్లీ నడుస్తుంది. బ్యాటరీని ఎక్కడ ఛార్జి చేస్తారు?

ఇక కంపెనీ ఎంపిక. బ్యాటరీ కొనడమంటే పార్టీలో చేరటమే, ఫిరాయింపు ఖరీదైన వ్యవహారం. ఒకరి బ్యాటరీ ఇంకొకరి పనిముట్టుకు ఎక్కదు. బాష్ వారి ఆకుపచ్చ శ్రేణి 18 ఓల్టుల బ్యాటరీ అదే కంపెనీ నీలం శ్రేణికే పట్టదు. కూటములూ పుట్టాయి. జర్మనీ కంపెనీ మెటాబో 2018లో కొన్ని ఇతర కంపెనీలను కలుపుకుని ఒకే బ్యాటరీ పద్ధతిని తెచ్చింది. మన జిల్లా కేంద్రాల్లో వాటికన్నా ముఖ్యం, సర్వీసు ఎవరిదుంది, అయిదేళ్ల తర్వాత అదే బ్యాటరీ దొరుకుతుందా అన్నదే. మకీటా 2005లో తెచ్చిన 18 ఓల్టుల శ్రేణి ఇప్పటికీ కొనసాగుతోంది. ఆ నిలకడకు డబ్బు చెల్లించవచ్చు. మొదటిసారి రెండు బ్యాటరీలు, ఛార్జరు ఉన్న సెట్టు కొంటే, తర్వాతి నుంచి బ్యాటరీ లేని ఒట్టి పనిముట్టు తక్కువకే వస్తుంది. బ్రష్‌లెస్ మోటారుకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. కార్బన్ బ్రష్‌లు అరిగేది ఉండదు, అదే బ్యాటరీతో ఎక్కువసేపు నడుస్తుంది. రెంచికి మాత్రం న్యూటన్ మీటర్ల అంకె రెండు రకాలుగా ఉంటుంది. విప్పే బలమే పెద్దది కాబట్టి పెట్టె మీద దాన్నే అచ్చేస్తారు. బిగించే బలం ఎంతని అడగాలి.

కంపెనీల పుస్తకాల్లో ఓ మూలకు పోయేదీ, మనకు ముఖ్యమైనదీ ఎండ. లిథియం బ్యాటరీని 40, 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. మంచి ఛార్జరయితే వేడి బ్యాటరీని ఒప్పుకోదు, లైటు వెలిగించి ఊరుకుంటుంది. చౌక ఛార్జరు ఏమీ అనదు, ఎక్కిస్తూనే ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో, ట్రాక్టరు టూల్ బాక్సులో బ్యాటరీలు పెట్టేవారు వాటి ఆయుష్షు తమ చేతులతోనే తగ్గించుకుంటున్నారు. నీడన చల్లారనిచ్చి, సాయంత్రం ఇంట్లో ఛార్జి పెట్టడమే సరి. పూర్తిగా ఖాళీ చేసి ఎక్కించాలన్న పాత సలహా నికెల్ కాడ్మియం కాలం నాటిది, లిథియానికి అది హాని.

చిన్నాన్న ఆ సెట్టును వాపసు చేద్దామని ఫోన్ చేస్తే అవతల నుంచి జవాబే లేదు. చివరికి నల్లగొండలో సర్వీసు ఉన్న దుకాణానికి వెళ్లి, రెంచి ఒక్కటే, రెండు బ్యాటరీలతో కొన్నారు. దుకాణదారుణ్ని ముందు అడిగింది ధర కాదు. "కాటా ఉందా?" అని.