యంత్రం తెచ్చిన ఆదా ఎవరి ఖాతాలో?



నేను ఉద్యోగంలో చేరిన 1990ల తొలినాళ్లలో జీతం తీసుకోవాలంటే బ్యాంకు కౌంటరులో చెక్కు ఇచ్చి, ఇత్తడి టోకెను పుచ్చుకొని, మన అంకె పిలిచేవరకు బల్లమీద కూర్చోవలసి వచ్చేది. ఆ నిరీక్షణలో సగం ఊరి కబుర్లు తెలిసేవి. ఈమధ్య సాయంకాలపు నడకలో, పదవీ విరమణ చేసిన మిత్రులొకరు ఆ రోజులను తలుచుకొని ఒక ప్రశ్న వేశారు. “ఏమండీ, లెడ్జర్లు పోయాయి, గుమాస్తాలు తగ్గారు, వాళ్లు చేసే పని మన ఫోనులో మనమే చేసుకుంటున్నాం. ఈ మిగులంతా బ్యాంకుకు లాభమే కదా? మరి నా డిపాజిట్టు మీద వడ్డీ పెరగదేం?”

ఆయన తన గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్ములో అధిక భాగం బ్యాంకులోనే ఉంచారు. కనుక ఆ ప్రశ్న కాలక్షేపానికి వేసినది కాదు. ఆనాడు తోచిన సమాధానం చెప్పాను గాని, అది నాకే తృప్తి కలిగించలేదు. ఈ నెల ఆ లెక్కను సావకాశంగా చూద్దాం.

మన బ్యాంకులలో కంప్యూటర్లకు బాట వేసినవి డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన రెండు సంఘాలు. వాటి నివేదికలు 1984లోను, 1989లోను వెలువడ్డాయి. హైదరాబాదులో 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ, 2004లో వివిధ బ్యాంకుల ఏటీఎంలను కలిపే జాతీయ వలయాన్ని ఏర్పాటు చేసింది. 2009లో ఆ వలయం నిర్వహణ జాతీయ చెల్లింపుల కార్పొరేషన్ చేతికి వెళ్లింది. ఆ కార్పొరేషనే 2016లో యూపీఐని ప్రవేశపెట్టింది. 2019 అక్టోబరులో తొలిసారి నెలకు 100 కోట్లు దాటిన యూపీఐ లావాదేవీలు 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటాయి. ఈ నడుమ మానవశక్తి కూడా తగ్గింది. 2000-01 నాటి స్వచ్ఛంద పదవీ విరమణ పథకంలోనే ప్రభుత్వ బ్యాంకుల నుంచి సుమారు లక్ష మంది వైదొలిగారు.

ఇంత ఆదా ఎక్కడికి పోయింది? మన కర్మాగారాల అనుభవమే దీనికి సమాధానం చెబుతుంది. ఒక కర్మాగారం కొత్త నియంత్రణ వ్యవస్థను అమర్చుకొని ఖర్చు తగ్గించుకుంటే కొంతకాలం లాభపడుతుంది. పోటీదారులందరూ అదే వ్యవస్థను అమర్చుకున్న నాడు ధర దిగుతుంది, ఆదా కొనుగోలుదారుకు చేరుతుంది. అప్పటినుంచి ఆ యంత్రం లాభహేతువు కాదు, మనుగడకు కనీసార్హత మాత్రమే.

బ్యాంకుల విషయంలో పోటీకి విధాన నిర్ణయం కూడా తోడైంది. అమ్మకందారు తన బ్యాంకుకు చెల్లించే రుసుమును యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి పూర్తిగా తొలగించారు. పొదుపు ఖాతాదారులు ఆన్‌లైనులో చేసే నెఫ్ట్ బదిలీలపై రుసుము కూడా అదే నెలలో పోయింది. రుసుము పోయినంత మాత్రాన సర్వర్లు, విద్యుత్తు, భద్రతా ఏర్పాట్ల ఖర్చు పోలేదు. చిన్న వ్యాపారులకు అందే చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపుల ప్రోత్సాహానికి 2024-25లో కేంద్రం కేటాయించిన మొత్తం సుమారు 1,500 కోట్ల రూపాయలు. తక్కిన భారం ప్రధానంగా బ్యాంకులదీ, ఇతర చెల్లింపు సంస్థలదీ. కూరగాయల బండి దగ్గర మనం పైసా రుసుము లేకుండా ఇరవై రూపాయలు చెల్లిస్తున్నామంటే, మా మిత్రులు అడిగిన మిగులులో ఒక వంతు అప్పటికే మన చేతికి వచ్చినట్లే.

అయితే బ్యాంకుకు దక్కినదేమీ లేదా? ఉంది. మనవంటి వర్ధమాన దేశంలో దాని విలువ చిన్న ఖాతాలలో తెలుస్తుంది. 2014 ఆగస్టులో ప్రారంభమైన జనధన పథకంలో 2025 ఆగస్టు నాటికి 56 కోట్లకు పైగా ఖాతాలు ఉన్నాయి. ఒక్కొక్క ఖాతాలో సగటు నిల్వ సుమారు 4,700 రూపాయలు. ఉదాహరణకు, ఈ సొమ్ముకు బ్యాంకు 2.5 శాతం వడ్డీ ఇచ్చి, 7 శాతం రాబడి పొందుతున్నదనుకుందాం. ఏడాదికి మిగిలేది 211 రూపాయలు. ఖాతాదారు ఒకసారి కౌంటరుకు వస్తే 40 రూపాయల ఖర్చు అవుతుందనుకుంటే, ఐదుసార్లు వచ్చేసరికి ఆ మిగులు దాదాపుగా హరించుకుపోతుంది. అదే లావాదేవీ ఫోనులో కొద్ది ఖర్చుతో పూర్తయితే ఖాతా నిలదొక్కుకుంటుంది. నిన్నటివరకు భారమనిపించిన పేదవాని ఖాతాను భరించదగినదిగా మార్చడమే ఈ సాంకేతికత చేసిన అసలు మేలు.

దీనికి మరొక ముఖం కూడా ఉంది. డబ్బు సులువుగా వచ్చే దారి సులువుగా పోయే దారి కూడా. ఒకప్పుడు తక్కువ వడ్డీకి పొదుపు ఖాతాలో నిద్రపోయే సొమ్ము, నేడు అదే ఫోను ద్వారా మ్యూచువల్ ఫండుకు తరలిపోగలదు. చౌకగా లభించే డిపాజిట్టు తగ్గితే బ్యాంకు మార్జిను కుంచించుకుపోతుంది.

ఇక లాభాల మాట. 2017-18లో ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉమ్మడి నష్టం 85,000 కోట్ల రూపాయలకు పైమాట. అప్పటికే శాఖలు కోర్ బ్యాంకింగ్‌తో అనుసంధానమై ఉన్నాయి, యూపీఐ కూడా వచ్చి ఉన్నది. 2024-25లో అవే బ్యాంకులు ఉమ్మడిగా సుమారు 1.78 లక్షల కోట్ల నికర లాభం గడించాయి. ఈ మలుపునకు ముఖ్య కారణం మొండి బకాయిలు. 2018 మార్చిలో 14.58 శాతానికి చేరిన స్థూల మొండి బకాయిలు 2025 మార్చికి 2.58 శాతానికి దిగాయి. ఒక పెద్ద అప్పు మునిగితే కోట్లాది లావాదేవీలలో పైసా పైసా కూడబెట్టిన ఆదా దానితోనే మునుగుతుంది. యంత్రం లెక్కను వేగంగా కూడగలదు గాని, తీసుకున్నవాడు తీరుస్తాడా అన్న వివేచన మనిషిదే.

లాభనష్టాల పట్టికలో పూర్తిగా కనబడని ఖర్చు మరొకటి ఉన్నది. మోసగాడి మాయమాటలకు లోబడి ఖాతాదారు తానే ఓటీపీ చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వు పేర్కొన్నది. కౌంటరులో గుమాస్తా “ఇంత సొమ్ము ఎవరికి పంపుతున్నారండీ?” అని అడిగే ఒక్క ప్రశ్నకు ఎంత విలువ ఉండేదో ఇప్పుడు అర్థమవుతున్నది. వృద్ధులు, ఫోను వాడకం తెలియనివారు ఉన్నంతకాలం ఆ కౌంటరును పూర్తిగా మూయడం ఆదా అనిపించుకోదు. బ్యాంకు ఖర్చును ఖాతాదారు నెత్తికి మార్చడమే అవుతుంది.

మా మిత్రులకు ఈసారి ఇలా చెప్పాను. “యంత్రం ఆదాలో మీ వాటా ఉచిత సేవల రూపంలో ముట్టింది. వడ్డీ రేటు రిజర్వు బ్యాంకు విధానాన్నీ, అప్పుల గిరాకీనీ అనుసరించి నడుస్తుంది. మీ సొమ్ము ఉన్న బ్యాంకు గట్టిదా కాదా తెలుసుకోవాలంటే దాని యాప్ ఎంత అందంగా ఉందో చూడకండి. వార్షిక నివేదికలో మొండి బకాయిల శాతం చూడండి.”

ఆయన కాసేపు మౌనంగా నడిచి, “ఆ నివేదిక ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగారు. “ఫోనులోనేనండీ” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మరునాడు ఇద్దరం కూర్చొని దానిని వెతికి చదివాం.