హేగ్‌లో గెలిచిన నియమం మన తండాకు రాదా?

“ప్రొసీజరు అంటే లాయర్ల గోల, మనకెందుకు?” అని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చదువుకున్న మనవాళ్లే అంటుంటారు. మేం ఒప్పుకోం. నియమం లేని చోట దెబ్బ తిన్నది మన సుగాలి, ఎరుకల, యానాది జనమే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద గెజిట్‌లో ఒక ప్రకటన పడితే చాలు, పుట్టిన పిల్లతో సహా జాతంతా నేరస్థులే. ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించే దారే లేదు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి, ఎరుకల వాళ్ల మెడకు చుట్టుకుంది. 1947 దాకా వదల్లేదు.

ఇప్పుడు హేగ్ సంగతి చూడండి. పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కులభూషణ్ జాదవ్ కోసం మన ప్రభుత్వం 2017లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. అక్కడ ప్రధానంగా వాదించింది నేరం చేశాడా లేదా అని కాదు. పట్టుకున్న మనిషికి అతని హక్కులు వెంటనే చెప్పారా, సొంత దేశం అధికారులను కలవనిచ్చారా అని. 2019 ఫిబ్రవరిలో ఆ విచారణను ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని చూసింది. జూలై 17న 15–1తో తీర్పు భారతదేశం వైపు వచ్చింది. మంచిదే. మేమూ సంతోషించాం.

కానీ అదే ఫిబ్రవరిలో, 13వ తేదీన, అటవీ హక్కుల దరఖాస్తు తిరస్కరణకు గురైన కుటుంబాలను అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా ఆదివాసులు గొంతెత్తాక, కేంద్రమూ కోర్టును అడిగాక, 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసి, తిరస్కరించేటప్పుడు ఏ పద్ధతి పాటించారో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ముందు అడగాల్సిన ప్రశ్న అది! 2006 చట్టమే చెబుతోంది: మనిషి చెప్పుకునేది వినకుండా అతని అప్పీలును కొట్టెయ్యకూడదు. తిరస్కరిస్తే కారణం అతనికి తెలపాలని నియమాలు అంటున్నాయి. హేగ్‌లో ఒక్క మనిషి కోసం అడిగిన మర్యాదే ఇది. మన దగ్గర మాత్రం “మీది పోయింది పో” అనే నోటిమాటతో సరిపెట్టేస్తారు.

హేగ్‌ను నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. ఆ న్యాయస్థానం తలుపు దేశాలకే తెరుచుకుంటుంది, తండాకు కాదు. జడ్జీలు తమలో తాము చర్చించుకునేదీ రహస్యంగానే. అయినా దాఖలైన కాగితాలు, వాదనలు, విడిగా రాసిన అసమ్మతి తీర్పుతో సహా, ఈ రోజుకీ ఎవరైనా చదువుకోవచ్చు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కాగితం ఒక్క గదిలోనే ఉంటే, ఆ గదితో పాటే మన హక్కూ కాలిపోవాలా?

భాష సంగతి సరేసరి. హేగ్‌లోనే ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉగాండా మనిషి ఒకరిని విచారించినప్పుడు, అతని అచోలి భాషలో అనువాదం ఏర్పాటు చేసింది. మూడు రాష్ట్రాల సరిహద్దు కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం వినిపిస్తాయి. గోర్ బోలీ మాట్లాడే ముసలమ్మకు స్టేషన్లో ఎవరు చదివి వినిపిస్తారు? వేలిముద్ర మాత్రం వేయించుకుంటారు.

టీచర్లను అడుగుతున్నాం: బడిలో ఒక పూట పిల్లల చేత నోటీసులు చదివించండి. యువకులారా, మీ ఊరి అటవీ హక్కుల దరఖాస్తుల నకళ్లు గ్రామసభ నుంచి తెచ్చి ఇంట్లో పెట్టండి. తిరస్కరణ కారణంతో సహా రాతలో ఇమ్మనండి, అందిన తేదీ దాని మీద వేయించండి. గ్రామసభ తీర్మానం మీద డివిజన్ కమిటీకి వెళ్లాలన్నా, ఆ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి వెళ్లాలన్నా గడువు 60 రోజులు.