గొంతులో ముల్లు కాదు, ఎముక కావచ్చు

మింగినప్పుడల్లా గొంతులో ఒక పక్క ముల్లు గుచ్చుకున్నట్లు ఉంటుంది. తల తిప్పితే నొప్పి చెవిలోకి, దవడలోకి పాకుతుంది. ఇటువంటి బాధతో నెలల తరబడి తిరిగేవారు సత్తుపల్లి వంటి పట్టణాలలోనూ ఉంటారు. మొదట మందుల దుకాణంలో యాంటీబయాటిక్, తరువాత ఒక దవడ పన్ను పీకించుకోవడం, ఆపైన ఖమ్మమో విజయవాడో ప్రయాణం. గొంతులో ఎరుపు లేదు, వాపు లేదు. చివరకు "అంతా మీ భ్రమ" అన్న మాట మిగులుతుంది.

కారణం కనిపించకపోవడమూ, కారణం లేకపోవడమూ ఒకటి కావు. పుర్రె అడుగున, చెవి కింద, రెండు వైపులా సూది వంటి సన్నని ఎముక ఉంటుంది. దాని పేరు స్టైలాయిడ్. సాధారణంగా దాని పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. అది 3 సెంటీమీటర్లు దాటినా, దాని కొసనున్న లిగమెంటు ఎముకగా గట్టిపడినా, పక్కనున్న నరాలను ఒరుసుకోవచ్చు. అమెరికా వైద్యుడు వాట్ ఈగిల్ 1937లో దీనిని వివరించారు. అందువల్లనే దీనికి ఈగిల్ సిండ్రోమ్ అన్న పేరు వచ్చింది.

దీనిని గుర్తించడం కష్టం కాదు. టాన్సిల్ ఉండే గుంటను వైద్యుడు వేలితో నొక్కితే గట్టి ఎముక తగలవచ్చు, అదే నొప్పి తిరిగి రావచ్చు. దంతవైద్యులు తీసే ఓపీజీ ఎక్స్‌రేలో ఆ ఎముక కనిపిస్తుంది. అవసరమైతే సీటీ స్కాన్ పూర్తి కొలత చెబుతుంది. కాబట్టి కారణం తేలని నొప్పికి పన్ను పీకించుకునే ముందు ఈ పరీక్ష జరగాలన్నదే నా అభిప్రాయం. పీకిన పన్ను తిరిగి రాదు.

అయితే రెండు హెచ్చరికలు. ఈ ఎముక పొడవుగా ఉన్నవారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు. ఎక్స్‌రే ఒక్కటే చూసి శస్త్రచికిత్సకు తొందరపడరాదు. నొప్పి మాత్రలు, నరాల నొప్పికి వాడే మందులు, అవసరమైతే ఇంజెక్షన్ ముందుగా ప్రయత్నించాలి. వాటికి లొంగనప్పుడే ఎముకను కత్తిరించి పొట్టి చేస్తారు.

రెండవది మరింత ముఖ్యం. ఇది అరుదైన జబ్బు, నోటి క్యాన్సర్ మన దేశంలో అరుదు కాదు. చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నవారు మరీ జాగ్రత్తపడాలి. మూడు వారాలకూ మానని పుండు, మెడలో గడ్డ, నోరు తెరవలేకపోవడం, ఉమ్మిలో రక్తం ఉంటే ముందుగా క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి.

ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు "గొంతు నొప్పి" అని మాత్రమే చెప్పకండి. ఏ పక్క, మింగితేనా, తల తిప్పితేనా, టాన్సిల్స్ తీయించుకున్నాక మొదలైందా అన్నది వివరంగా చెప్పండి. సగం రోగనిర్ణయం ఆ మాటలలోనే ఉంటుంది.