గృహిణీ హితవాక్యము: చౌక విమానమున తొలి ప్రయాణము

విమానమెక్కుట శ్రీమంతులకు మాత్రమే తగినదని మన చిన్ననాడు పెద్దలు తలంచెడివారు. నేడట్లు కాదు. కొడుకు బెంగుళూరునను, కూతురు పూనాలోను, చెల్లెలు ఢిల్లీలోను కాపురముండగా, పురుళ్లకును పెండ్లిండ్లకును, ఒక్కొక్కప్పుడు కడచూపులకును గూడ, మన యిండ్ల స్త్రీలు విమానమెక్కవలసి వచ్చుచున్నది. విమానమునకు వెఱవకున్నను, దాని నెక్కువఱకు జరుగు తతంగము తెలియక తికమకపడువారు పెక్కురు. మేమును అట్టివారిలో చేరినవారమే. కావున మా యనుభవమును, పిమ్మట తెలిసికొన్న సంగతులను ఈ మాసము విన్నవించుచున్నాము.

2024 ఫాల్గుణమాసమున ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలకు ఢిల్లీనుండి మా మఱది ఫోను చేసెను. మా చెల్లెలికి మూడు వారములు ముందుగనే నొప్పులు వచ్చినవి. అచట నాలుగేండ్ల పెద్దపిల్ల తప్ప వేఱొక ఆడదిక్కు లేదు. మా యమ్మగారు మోకాళ్ల నొప్పులచే కదలలేరు. మావారికి బడిలో వార్షిక పరీక్షల పని. హైదరాబాదునుండి ఢిల్లీకి రైలున ఒక పగలును ఒక రాత్రియు పట్టును. విమానమున రెండుగంటలకు కొంచెము మించును. ఇంక విచారించుటకేమున్నది? మఱునాటి ఉదయము పదునొకండున్నర గంటల విమానమునకు టిక్కెట్టు కొనిరి. అంతవఱకు మేము ఒంటరిగా జిల్లా దాటి యెఱుగము.

ముందుగా ఈ విమానములు చౌక యగుటకు కారణము తెలిసికొందము. మనదేశమున ఈ పద్ధతికి 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థతో గోపీనాథుగారు నాంది పలికిరి. ఇండిగో సంస్థ 2006లో ఎగురనారంభించెను. చిన్న పట్టణములకు తక్కువ ధరకు విమానములు నడుపుటకై ప్రభుత్వము ఏర్పఱచిన ఉడాన్ పథకమున మన కడపకును 2017 ఏప్రిలులో విమానము వచ్చినది. ఈ సంస్థలు సామాన్యముగా ఒకేతీరు విమానములను కొని, ఒక్కొక్కదానియందు సుమారు 180 ఆసనములను దగ్గర దగ్గరగా అమర్చుదురు. నేలపై నిలిచిన విమానము సంపాదింపదు గనుక, దిగినదానిని అరగంటకో ముప్పాతిక గంటకో మరల ఎగురవేయుదురు. భోజనము, కోరిన ఆసనము, అదనపు సామాను, వీనికన్నిటికిని వేఱువేఱుగా సొమ్ము పుచ్చుకొందురు. ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండునని పుష్పకమును గూర్చి పెద్దలు చెప్పుదురు. ఈ విమానమున మోకాళ్లకే చోటు చాలదు. అయినను మనకు కావలసినది చేరుటయే గాని కూర్చుండు వైభవము గాదు గదా!

ఇక టిక్కెట్టు మాట. రైలు టిక్కెట్టువలె దీని ధర స్థిరము గాదు, గిరాకినిబట్టి మాఱుచుండును. ముందుగా కొన్నవారికి చౌక. మావలె ముందునాటి రాత్రి కొన్నవారికి ప్రియము. ధర చూచునపుడు మొదట కనబడు అంకెను నమ్మరాదు. పన్నులును, రుసుములును చేరి కడపట వచ్చు మొత్తమునే సరిచూడవలెను. భీమా, ఉపాహారము, ముందు వరుస ఆసనము మున్నగునవి నడుమ నడుమ అడుగుచుందురు. అక్కఱలేనిదానిని వలదనుటకు మొగమాటపడరాదు. ప్రయాణము మానుకొన్నచో చౌక టిక్కెట్టు సొమ్ము చాలవఱకు పోవును గాని, ప్రభుత్వ పన్నులును విమానాశ్రయపు రుసుములును తిరిగి యీయవలెనని నియమము కలదు. అడిగి పుచ్చుకొనుడు.

అన్నిటికన్న ముఖ్యమైనది పేరు. మన స్త్రీలకు పుట్టింటి యింటిపేరొకటి, మెట్టినింటిదొకటి, ముద్దుపేరు వేఱొకటి. టిక్కెట్టుపైనుండు పేరు ఆధారుకార్డులోనుండు పేరుతో సరిపోవలెను. మా టిక్కెట్టును కొనిపెట్టిన పొరుగింటి కుఱ్ఱవాడు తాను నిత్యము పిలిచెడి పేరే వ్రాసెను. ఆ రాత్రియే చూచికొని, సంస్థవారికి ఫోను చేసి దిద్దించితిమి. కొన్న గడియలోనే అక్షరమక్షరము చదువుకొనుడు. తప్పు ఎంత త్వరగా కనుగొన్న అంత సులభముగా దిద్దుదురు.

సామాను విషయమున మేము చేసిన తెలివితక్కువను దాచక చెప్పెదము. దేశములోపలి చౌక విమానములందు సామాన్యముగా చేతితో కొనిపోవు సంచి 7 కిలోలకును, విమానపు అడుగు అఱలో వేయు పెట్టె 15 కిలోలకును మించరాదు. ఇది తెలిసియు, బాలింతకు పథ్యమునకని కారపుపొడులు, నేయి, ఇంగువ, రెండు కిలోల గోంగూర పచ్చడి, లడ్డుగములకని ఒక కిలో ఎండుకొబ్బరి పెట్టెలో కుక్కితిమి. ఇంట త్రాసు లేదు. చేతితో ఎత్తి చూచి, పదునైదే యుండునని తలచితిమి. శంషాబాదు విమానాశ్రయమున తూచగా పందొమ్మిది కిలోలు! అదనపు నాలుగు కిలోలకు వారడిగిన సొమ్ము విని మాకు నోట మాట రాలేదు. అదే రుసుమును ముందుగా ఇంటినుండి చెల్లించిన కొంత తగ్గునని పిమ్మట తెలిసినది.

అంతలో ఆ యుద్యోగిని నిషిద్ధ వస్తువుల బొమ్మలు గల పలకను చూపెను. అందు ఎండుకొబ్బరి యున్నది. ఎండుకొబ్బరిలో నూనె హెచ్చు. కుక్కియుంచిన అది తనంతట వేడెక్కి అంటుకొను గుణము కలది గనుక పెట్టెలో నిషేధించిరి. మమ్ము సాగనంపవచ్చిన తమ్ముడు టిక్కెట్టు లేనందున వెలుపలనే నిలిచిపోయెను. మరల వెలుపలికి పోయి వచ్చు వ్యవధి లేదు. జనుల యెదుట నేలపై పెట్టె విప్పి, పచ్చడియు కొబ్బరియు తీసి, రెండు పట్టుచీరలను చేతిసంచిలోనికి మార్చితిమి. అచట నేల తుడుచుచున్న యొక యక్కను చేరి, “అమ్మా, ఇంట చేసిన గోంగూర, తీసికొందువా?” యని యడిగితిమి. ఆమె మూత తీసి వాసన చూచి, “మా అమ్మ చేసినట్లే యున్నది” అని నవ్వెను. ఆ నవ్వుతో మా సిగ్గు కొంత తీఱినది. కాని ఇరువది నిమిషములు పోయినవి.

ఈ నిమిషముల విలువ మీరెఱుగవలెను. విమానము కదలుటకు ఒక గంట ముందుగా సామాను పుచ్చుకొనుట ఆపివేయుదురు. 25 నిమిషముల ముందుగా గేటు మూసివేయుదురు. ఆ తరువాత విమానము కన్నులయెదుట నున్నను ఎక్కనీయరు. కావున రెండుగంటల ముందుగా చేరవలెను. హైదరాబాదునుండి శంషాబాదునకు పుష్పక్ అను పేరుగల ఆర్టీసీ బస్సులు కలవు. వానియందు మాత్రము మోకాళ్లకు చోటున్నది. ఢిల్లీవంటి విమానాశ్రయములందు టెర్మినళ్లు ఒకటికన్న హెచ్చు. తిరుగు ప్రయాణమున ఏ టెర్మినలో ముందే చూచికొనుడు.

వెబ్ చెక్‌ఇన్ అనునది ఇంటనే ఫోనులో ముగించుకొనవచ్చును. అపుడు ఆసనముల బొమ్మ చూపి పెక్కింటికి ధర వేయుదురు. ధర లేని ఆసనము కలదేమో చూడుడు. లేదా, వారిచ్చినదానిని పుచ్చుకొనుడు. పండ్రెండేండ్లలోపు బిడ్డలను అదే టిక్కెట్టుపైనున్న తల్లిదండ్రులలో నొకరి ప్రక్కనే కూర్చుండబెట్టవలెనని 2024 ఏప్రిలులో పౌరవిమానయాన శాఖాధికారులు ఆదేశించిరి. కావున అందుకై ప్రత్యేకముగా సొమ్మీయ నక్కఱలేదు.

తనిఖీయొద్ద స్త్రీలను తెరచాటున స్త్రీలే పరీక్షింతురు. గాజులకును, చీరకు గ్రుచ్చిన పిన్నీసులకును వారి చేతిలోని పరికరము మ్రోగును, అందుకు కంగారుపడకుడు. చేతిసంచిలో కత్తి, కత్తెర, కొబ్బరికాయ, కారపు ఊరగాయ ఉంచరాదు. అగ్గిపెట్టె, కర్పూరము ఎందునను పనికిరావు. తీర్థయాత్రకు పోవువారు ఇది మఱవరాదు. ఫోనునకు విద్యుత్తునిచ్చు పవర్‌బ్యాంకును మాత్రము పెట్టెలో వేయక చేతిసంచిలోనే యుంచవలెను. అది నిప్పంటుకొన్నచో మనుష్యుల నడుమనైన ఆర్పవచ్చును. అడుగు అఱలో కనుగొనువారుండరు. మందులు, నగలు, కాగితములు గూడ చేతిసంచిలోనే. ఖాళీ సీసాను తనిఖీ దాటించి, లోపలి కుళాయివద్ద నీరు పట్టుకొనవచ్చును. ఇంటి పులిహోర పొట్లమొకటి యున్న విమానమున హెచ్చు ధరకు ఫలహారము కొనువని లేదు.

మేము గేటు చేరుసరికి గడియారము పది గంటల యేబదియెనిమిది నిమిషములు చూపుచుండెను. ఇంకేడు నిమిషములు! గుండె దడ తగ్గకమునుపే ఆసనమున కూర్చుంటిమి. ఆ నాలుగు కిలోల మూలమున విమానము తప్పియున్న, మా చెల్లెలి బిడ్డను ఆ రాత్రి ఎవరు చూచియుందురు? ఊరగాయ ప్రేమకు గుర్తే కాని, ప్రేమను చేరనీయని ఊరగాయ యెందులకు?

విమానము లేచునపుడును, దిగునపుడును చెవులు దిబ్బడవేయును. లోపలి గాలి ఒత్తిడి మాఱుటయే యందుకు కారణము. గుటకలు మ్రింగుచు, ఆవులించుచు, ఏలకియో లవంగమో నమలుచుండిన తగ్గును. పసిబిడ్డలకు దిగునపుడు పాలిచ్చుట మేలు. జలుబు ముదిరియున్న వైద్యుని అడిగి పోవలెను. గర్భిణులు ముప్పదిరెండు వారములు దాటిన పిమ్మట సామాన్యముగా వైద్యుని పత్రము చూపవలెను. నెలలు నిండవచ్చినవారిని ఎక్కించుకొనరు. రెండేండ్లలోపు శిశువునకు తక్కువ రుసుముతో ఒడి ప్రయాణము. పుట్టిన తేది పత్రము కావలెను.

విమానము కదలకమునుపు పరిచారిక యొక మాట చెప్పును. లోపల గాలి ఒత్తిడి తగ్గినచో పైనుండి ప్రాణవాయువు తొడుగులు దిగును; మొదట తాము తగిలించుకొని, పిదప ప్రక్కనున్న బిడ్డకు తగిలింపవలెను. ఈ మాట వినినపుడు మా మనస్సు ఒప్పుకొనలేదు. బిడ్డకు పెట్టక తల్లి తినుటయా? కాని కారణము స్పష్టము. అంత ఎత్తున ప్రాణవాయువు లేక తెలివి తప్పుటకు ఒక నిమిషమైనను పట్టదు. తల్లి సొమ్మసిల్లిన, బిడ్డకు తొడుగు తగిలించువారెవరు? ఇందు స్వార్థము లేదు. కనుక బిడ్డలతో పోవు సోదరీమణులు ఈ మాటను మనస్సునకు పట్టించుకొనవలెను. ఆ క్షణమున ఆలోచించుటకు వ్యవధి యుండదు.

విమానము ఆలస్యమైన నోరు మెదపక కూర్చుండకుడు. రెండున్నర గంటలలోపు ప్రయాణమునకు రెండుగంటలు ఆలస్యమైనచో ఫలహారమీయవలెనని నియమము. సంస్థవారే విమానమును రద్దు చేసిన, వేఱు విమానమునైనను ఈయవలెను, సొమ్మునైనను తిరిగి యీయవలెను. మర్యాదగా, గట్టిగా అడిగిన తప్పక పలుకుదురు.

ఆనాటి మూడు గంటలకు మేము ఆసుపత్రి చేరితిమి. మగబిడ్డ, చిన్నవాడైనను క్షేమము. మా చెల్లెలు కన్నులు తెఱచి, “వచ్చితివా అక్కా” యని మా చేయి పట్టుకొని, మరల నిద్రపోయెను. గోంగూర యేదని ఆ పదునైదు దినములలో ఒక్కనాడును అడుగలేదు. ఎండుకొబ్బరి ఢిల్లీ బజారున మా యూరి ధరకే దొరకినది.

కావున సోదరీమణులారా, ప్రయాణపు ముందునాడు మూడు పనులు చేయుడు: టిక్కెట్టుపై పేరు చదువుడు, పెట్టెను త్రాసున తూచుడు, రెండుగంటల ముందుగా చేరుటకు బయలుదేరుడు. తక్కినవన్నియు అచటివారే చెప్పుదురు. తెలియనిచో అడుగుటకు సిగ్గుపడకుడు. మీకు శుభప్రయాణమగు గాక!